గుప్పెడు జీడి, బాదం, వేరుశనగ పలుకులు: కొనే దగ్గర్నుంచి నోట్లో వేసుకునేదాకా గోదావరి ఇళ్ళకి సరిపడే లెక్క

మా తమ్ముడికి పెళ్ళైన ఏడాది ఆషాఢంలో వాళ్ళ అత్తారింటి నుంచి సారె దిగింది, మన వైపు సారె అంటే తెలుసుగా, వీధి వీధంతా పంచినా ఇంకా మిగిలేంత. కాజాలు, సున్నుండలు, పూతరేకులు వారంలో పంచేశాం గానీ జీడిపప్పు, బాదం, పిస్తా ఉన్న స్టీలు డబ్బాలు మాత్రం "ఖరీదైనవిరా, దాచండి" అని అమ్మ అటకెక్కించింది. మళ్ళీ వాటి మొహం చూసింది వినాయక చవితికే. మూత తియ్యగానే ఒకలాంటి వాసన, పాత నూనె డబ్బా అడుగున ఉంటుందే, అదీ. "నేతిలో వేయిస్తే పోతుందిలే" అని నేనే పెద్దమనిషిలా చెప్పి పాయసంలో వేయించాను. ఐదు లీటర్ల పాల పాయసం, ఒక్కరూ రెండో గరిటె అడగలేదు.

అదే ఏడాది నాన్నగారికి సుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. ఎవరో "నట్స్ తినండి, గుండెకి మంచిది" అన్నారట, ఆయన సాయంత్రం టీవీ ముందు గిన్నెడు వేయించిన జీడిపప్పు పెట్టుకుని కూర్చునేవారు, అదీ మామూలు టిఫినూ భోజనమూ తిన్నాక. రెండు నెలల్లో నాలుగు కేజీలు పెరిగారు. ఈ రెండు దెబ్బలూ తిన్నాక నేను నేర్చుకున్నదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఏ పప్పు గొప్పది అన్న వాదనకంటే, అది తాజాగా ఉందా, ఎంత తిన్నాం, దేనికి బదులు తిన్నాం అన్నవే అసలు సంగతులు అని నాకు తేలింది.

1. ముందు ఇంట్లో ఉన్నవి బయటికి తియ్యండి

కొనడానికి పరిగెత్తకండి. డబ్బాలన్నీ దించండి, ఒక్కో దాంట్లోంచి ఒక పలుకు తీసి విరిచి వాసన చూసి నమలండి. తాజా పలుకు కొంచెం తియ్యగా, పాలవాసనతో ఉంటుంది, విరిస్తే టక్‌మని విరుగుతుంది. మెత్తబడిందంటే తేమ పట్టింది, వాసన బాగుంటే సన్నటి సెగ మీద వేయించి వాడుకోవచ్చు. పాత నూనె కంపు, నాలుక మీద గీరుకున్నట్టు ఉంటే అందులోని కొవ్వు పాడైంది, దాన్ని నెయ్యీ బాగుచెయ్యదు, బెల్లమూ బాగుచెయ్యదు, పాయసం సాక్షి. చేదుగా ఉంటే, బూజు కనిపిస్తే, ఏరుకుని మిగతావి వాడదాం అనే లెక్కలొద్దు, ముఖ్యంగా వేరుశనగ విషయంలో. దాని కథ దాచే దగ్గర చెబుతాను.

మనం వీటన్నిటినీ కలిపి డ్రై ఫ్రూట్స్ అనేస్తాం గానీ కిస్‌మిస్, ఖర్జూరం లెక్క వేరు. అవి ఎండబెట్టిన పళ్ళు, వాటిల్లో ఎక్కువ ఉండేది చక్కెర. బాదం, జీడిపప్పు, వేరుశనగల్లో ఎక్కువ ఉండేది కొవ్వు. సుగర్ ఉన్నవాళ్ళకి ఈ తేడా చాలా పెద్దది.

2. ఏది ఏం ఇస్తుందో ఒకసారి తెలుసుకోండి

అంకెలన్నీ 100 గ్రాములకి, రకాన్ని బట్టి కాస్త అటూఇటూ ఉంటాయి.

వేరుశనగ గుళ్ళతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ చివర్న కూర్చోబెట్టేది దీన్నే. నిజానికి ఇది నట్ కాదు, కందీ పెసరా కుటుంబం, భూమిలో కాస్తుంది. 567 కేలరీలు, దాదాపు 25 గ్రాముల ప్రొటీను, 49 గ్రాముల కొవ్వు, ఎనిమిదిన్నర గ్రాముల పీచు, ఇంకా ఫోలేట్, నియాసిన్ అనే బి విటమిన్లు బాగా ఉంటాయి. ఇప్పుడు బాదం చూడండి: 579 కేలరీలు, 21 గ్రాముల ప్రొటీను, 50 గ్రాముల కొవ్వు. ప్రొటీనులో వేరుశనగే ముందుంది! బాదం కేజీ కొనే డబ్బుకి గుళ్ళు నాలుగైదు కేజీలొస్తాయి. ఇంట్లో నలుగురు పిల్లలుండి, నెలాఖరుకి చెయ్యి బిగించుకునే ఇల్లైతే బాదం తినిపించలేకపోతున్నామని దిగులుపడక్కర్లేదు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు గిన్నెడు పెట్టండి, ఐదేళ్ళ లోపు వాళ్ళకి ఎలా పెట్టాలో చివర్న చెబుతాను.

బాదంలో దాని గొప్ప దానికీ ఉంది. విటమిన్ ఇ సుమారు 25 మిల్లీగ్రాములు, మిగతా పప్పులేవీ దగ్గరికి రావు, హేజిల్ నట్ ఒక్కటి కాస్త పోటీ. పీచు పన్నెండున్నర గ్రాములు, కాల్షియం 270 మిల్లీగ్రాముల దాకా, మెగ్నీషియం కూడా అంతే. ఇంకో చిత్రం, బాదం గట్టిగా ఉంటుంది కాబట్టి ఎంత నమిలినా కొంత కొవ్వు కణాల్లోనే ఉండిపోయి బయటికి పోతుంది. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 2012లో కొలిచి చూస్తే 28 గ్రాముల పప్పుకి 170 అనుకున్న కేలరీలు ఒంటికి పట్టేది 129 మాత్రమే అని తేలింది. అది నమిలి తినే పప్పుకి. మెత్తగా పొడి చేసి బాదంపాలు తాగితే ఆ తగ్గింపు ఉంటుందని లెక్కేసుకోకండి.

మన ఊళ్ళలో బడి ఆవరణల్లో, గుడి దగ్గరా ఉండే బాదం చెట్టు ఈ బాదం కాదు, అది నాటు బాదం. చిన్నప్పుడు పండు తొక్క చీకేసి, కాయని నిలువుగా నిలబెట్టి రాయితో ఒక్కటిచ్చి, లోపల చుట్ట చుట్టుకున్నట్టు ఉండే సన్నటి పలుకుని చితకకుండా తీసినవాడే మొనగాడు. అది తినదగ్గదే, రుచికి కమ్మగా కూడా ఉంటుంది, కాకపోతే గుప్పెడు పోగుచెయ్యాలంటే మధ్యాహ్నం మధ్యాహ్నమంతా రాయి పట్టుకుని కూర్చోవాలి.

జీడిపప్పు మన సొంతం అనుకుంటాం గానీ పుట్టిల్లు బ్రెజిల్, పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు. కొబ్బరిలాగే ఇదీ ఇసుక నేలకి బాగా అలవాటుపడిపోయింది. 553 కేలరీలు, 18 గ్రాముల ప్రొటీను, కొవ్వు 44, కానీ పిండిపదార్థం 30 గ్రాములు, పీచు మూడున్నర కూడా లేదు. అందుకే కమ్మగా ఉంటుంది, అందుకే నాన్నగారి చెయ్యి ఆగలేదు. మెగ్నీషియం 290 మిల్లీగ్రాముల దాకా, రాగి, జింకు బాగుంటాయి. ఇనుము ఆరేడు మిల్లీగ్రాములు ఉందని రక్తహీనతకి దీన్నే మందులా తింటుంటారు, కానీ తినేది 30 గ్రాములైతే ఒంట్లోకి వెళ్ళేది 2 మిల్లీగ్రాములు, మన దేశపు లెక్కల్లో ఆడవాళ్ళకి రోజుకి 29 కావాలి. జీడిపప్పులో కొలెస్ట్రాల్ ఉంటుందని ఇంకో పుకారు. చెట్టు నుంచి వచ్చే పప్పులో కొలెస్ట్రాల్ ఉండదు, అందులో ఉన్న కొవ్వులో కూడా సగం పైన వేరుశనగ నూనెలో ఉండే మంచి రకమే. లావయ్యేది కొలెస్ట్రాల్ వల్ల కాదు, గిన్నె వల్ల.

అక్రోటు, అదే వాల్‌నట్, 654 కేలరీలు, కొవ్వే 65 గ్రాములు, అందులో 9 గ్రాములు ఏఎల్ఏ అనే ఒమేగా-3 రకం కొవ్వు. దీన్ని పట్టుకుని "చేపలు తినక్కర్లేదు" అంటారు కొందరు, అది తప్పు. మొక్కల ఒమేగా-3 మన ఒంట్లో చేప కొవ్వులా మారేది చాలా కొంచెం. శాకాహారులకి అక్రోటు మంచిదే, అంత ఖరీదు పెట్టలేకపోతే అవిసె గింజలు వేయించి పొడి చేసుకోండి, ఏఎల్ఏ అందులో అక్రోటుకి రెట్టింపు పైన ఉంటుంది, కాకపోతే పొడి చెయ్యకపోతే గింజ గింజలాగే బయటికి పోతుంది. చేపలు తినే ఇల్లైతే వారానికి రెండుసార్లు కానాగంతల పులుసు పెట్టుకోండి, అక్రోటు గురించి టెన్షన్ వద్దు.

పిస్తా: 560 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీను, 10 గ్రాముల పీచు, కంటికి పనికొచ్చే లూటిన్. ఉప్పు వెయ్యనిది, పెంకుతో ఉన్నది కొనండి, ఒలుచుకుంటూ తింటే తక్కువ తింటాం. బ్రెజిల్ నట్ అని ఆన్‌లైన్‌లో వస్తోంది, ఒక్క పలుకులోనే సెలీనియం అనే ఖనిజం రోజుకి సరిపడేదాన్ని దాటిపోతుంది, గుప్పెడు తినేది కాదు.

ఇక కొబ్బరి. కోనసీమలో కూర్చుని కొబ్బరి మీద మాట పడనివ్వం, నేనూ పడనివ్వను, కానీ దీన్ని బాదం పక్కన కూర్చోబెట్టకండి. పచ్చికొబ్బరి 354 కేలరీలు, 33 గ్రాముల కొవ్వు, అందులో 30 గ్రాములు సంతృప్త కొవ్వు. అంబాజీపేట మార్కెట్‌కి వచ్చే కురిడీ కొబ్బరైతే నీరంతా ఎండిపోయి 660 కేలరీలు, 64 గ్రాముల కొవ్వు. ప్రొటీను ఏడు గ్రాములే. సంతృప్త కొవ్వు చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది, నట్స్ దాన్ని తగ్గిస్తాయి. పచ్చట్లో, కూరలో వేసుకోండి, కొబ్బరి లౌజు పండక్కి తినండి, "మేం రోజూ కొబ్బరి తింటాం, నట్స్ కోటా అయిపోయింది" అనుకోకండి.

నువ్వుల్ని కూడా ఈ లెక్కలోనే కలుపుకోండి. పొట్టుతో ఉన్న నువ్వుల్లో కాల్షియం 975 మిల్లీగ్రాములు, పొట్టు తీసిన తెల్లవాటిల్లో వందలోపే. ఆ కాల్షియం మొత్తం ఒంటికి పట్టకపోయినా, చిమ్మిలి చేసేటప్పుడు ముడి నువ్వులే తెచ్చుకోవడం మంచిది.

3. కొనేటప్పుడు

జీడిపప్పు కోసం మనకి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, సఖినేటిపల్లి మండలం మోరి పేరు చెబితే చాలు. ఆ వైపు కొట్టుకెళ్తే మొదటి ప్రశ్నే "ఆయ్, గుండు కావాలాండీ, బద్ద కావాలాండీ?" అని. గుండు అంటే విరగని పలుకు, బద్ద అంటే రెండుగా చీలింది, ఆ తర్వాత ముక్క. డబ్బాల మీద 180, 210, 240, 320 అని అంకెలు ఉంటాయే, అవి ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పేవి. 180 అంటే పెద్ద గుండు, ఒక్కోటి రెండున్నర గ్రాములు, 320 అంటే గ్రామున్నర లోపు. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది, పోషకం మాత్రం ఒక్క పిసరు కూడా పెరగదు. పూతరేకుల మీద చల్లడానికి, ఉప్మాలోకి, కూరకి గ్రేవీకి గుండు కొనడం డబ్బు దండగ. బద్దో ముక్కో తెచ్చుకోండి, చూడ్డానికి బాగుండాల్సిన చోటికి, సారెకో పెళ్ళికో మాత్రం గుండు.

ఒకటే షరతు, ముక్కకి గాలి తగిలే చోటు ఎక్కువ కాబట్టి త్వరగా పాడవుతుంది, నెలకి సరిపడా మాత్రమే కొనండి. కొట్లో ఒక పలుకు అడిగి నమలండి, మొహమాటపడకండి. "కొత్త సరుకేనండి" అని ప్రతివాళ్ళూ అంటారు, నాలుక చెప్పేదే నిజం. ప్యాకెట్టైతే తయారైన తేదీ చూడండి. వేరుశనగైతే ముడతలు పడినవీ, రంగు మారినవీ, మొలకెత్తినవీ ఎక్కువున్న రాశి ముట్టుకోకండి.

ఎండాకాలం జీడిమామిడి తోటల్లో పిల్లలు పచ్చి గింజలు కాల్చుకు తింటారు, అది మాత్రం కనిపెట్టి ఉండండి. పెంకులో ఉండే జీడి నూనె చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది, కాలేటప్పుడు వచ్చే పొగ కళ్ళకి, ఊపిరికి మంచిది కాదు. కార్ఖానాల్లో పలుకు తీసేవాళ్ళు చేతులకి నూనె రాసుకునేది ఇందుకే.

4. తూచండి, దేనికి బదులో ముందే తేల్చుకోండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజు భోజనంలో నట్స్, నూనెగింజలు కలిపి 35 గ్రాములు చూపించారు. స్పెయిన్‌లో 7447 మందితో జరిగిన ప్రిడిమెడ్ అధ్యయనంలో ఒక బృందానికి రోజుకి 30 గ్రాములు ఇచ్చారు, సగం అక్రోటు, మిగతా సగం బాదం, హేజిల్ నట్. కొవ్వు తగ్గించుకోమని సలహా ఇచ్చిన బృందంతో పోలిస్తే వీళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి కలిపి చూస్తే తక్కువగా వచ్చాయి. 2013లో అచ్చైన ఆ ఫలితాల్లో ఎంపిక తీరులో లోపాలు బయటపడి 2018లో సరిచేసి మళ్ళీ వేశారు, మొత్తం ఫలితం మాత్రం మారలేదు. కానీ వాళ్ళు ఆ గుప్పెడుతో పాటు కూరగాయలు, పప్పుధాన్యాలు, చేపలు తిన్నారు, బిర్యానీ మీద చల్లుకుని కాదు.

వంటింటి త్రాసు ఉంటే ఒక్కసారి 30 గ్రాములు తూచి చూడండి, తర్వాత కంటికే తెలిసిపోతుంది. బాదం 24, 25 వస్తాయి. 320 రకం జీడిపప్పు 21, 240 రకమైతే 16. అక్రోటు బద్దలు 15. నాన్నగారి గిన్నె తూస్తే 110 గ్రాములు తేలింది, అంటే 600 కేలరీలు, ఆయన త్రాసు వంకే చూశారు గానీ ఏం అనలేదు.

30 గ్రాములు అంటే ఇంచుమించు 170 నుంచి 195 కేలరీలు. అది దాదాపు 140 గ్రాముల వండిన అన్నంతో సమానం, మా ఇంట్లో ఒక హస్తం, అంటే అన్నం వడ్డించే గరిటెడు. పలుకులు తినే రోజు ఆ హస్తం తగ్గించండి, లేకపోతే సాయంత్రం బజ్జీ ప్లేటు మానెయ్యండి. ఇది చెయ్యకపోతే మిగతా మెట్లన్నీ ఉత్తదే. మా ఇంట్లో కుదిరిన పద్ధతి చెబుతాను: ఆదివారం నాడు ఏడు చిన్న డబ్బాల్లో సగం వేరుశనగ, మిగతా సగం బాదం, జీడిపప్పు కలిపి తూచి పెట్టేస్తాం, రోజుకొకటి. పెద్ద డబ్బా టీవీ ఉన్న గదిలోకి రాదు.

5. నానబెట్టడం, వేయించడం

బాదం రాత్రి నానబెట్టి పొద్దున్నే పొట్టు తీసి తినకపోతే ఏమీ పట్టదు అంటారు, అంత లేదు. నానితే మెత్తబడి పళ్ళు లేనివాళ్ళకి, పిల్లలకి సులువవుతుంది, పోషకంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. పొట్టులో పీచు, మంచి పాలిఫినాల్స్ ఉన్నాయి, ఒలిచి పారెయ్యక్కర్లేదు. మన ఉక్కలో ఎనిమిది గంటలకి మించి బయట ఉంచితే నీళ్ళు పులుస్తాయి, ఫ్రిజ్‌లో పెట్టండి.

వేయించడమైతే నూనె లేకుండా మూకుట్లో, సన్నటి సెగ మీద, చెయ్యి ఆపకుండా. వేరుశనగ పొట్టు చిటపటమని, చేత్తో నలిపితే ఊడిపోయే దగ్గర దించెయ్యాలి, దించాక కూడా వేడికి ఇంకో మెట్టు వేగుతాయి. నల్లబడేదాకా ఉంచితే ఉన్న మంచి కొవ్వు కాస్తా పోతుంది. ఉప్పు చల్లకుండా ఉండడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

6. దాచడం, మన దగ్గర అసలు పని ఇదే

డెల్టాలో చుట్టూ కాలవలు, చేలల్లో నీళ్ళు, జూన్ నుంచి తుఫాన్ల నెలలు దాటేదాకా గాలిలో చెమ్మే. పప్పుకి మూడు శత్రువులు, తేమ, వేడి, గాలి, మన అటక మీద మూడూ ఉంటాయి. అందుకే కొన్న రోజే ఎండిన గాజు సీసాలో గానీ గట్టి మూత డబ్బాలో గానీ వేసి, తేదీ రాసిన కాగితం అంటించి ఫ్రిజ్‌లో పెట్టండి, ఆరు నెలలు హాయిగా ఉంటాయి. డీప్ ఫ్రీజర్‌లో ఏడాది పైన. వాడేటప్పుడు సీసా తీసి వెంటనే మూత తియ్యకండి, చల్లదనానికి లోపల చెమ్మ దిగుతుంది. అరగంట బయట ఉంచి గది వేడికి వచ్చాక తెరిచి, వారానికి కావాల్సింది చిన్న డబ్బాలోకి తీసుకుని మళ్ళీ లోపల పెట్టెయ్యండి. పురుగు భయమున్న సరుకు ముందు నాలుగైదు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లతో సహా చస్తుంది. పొడులు, లడ్డూలు చేసి నెలలు దాచడం కంటే పలుకుగా దాచి, వాడే వారం పొడి చేసుకోవడం మేలు.

ఇప్పుడు వేరుశనగ బూజు సంగతి. తేమ పట్టిన గుళ్ళ మీద ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషం చేస్తుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం వెళ్ళినా కాలేయ క్యాన్సర్‌కి దారి తీస్తుంది. వేయించినా, ఉడకబెట్టినా పూర్తిగా పోదు. నోట్లో వేసుకున్న గుళ్ళలో ఒకటి చేదుగా తగిలితే మింగేసి బెల్లం ముక్క వేసుకోవడం మనకి అలవాటు, ఇకనుంచి ఉమ్మెయ్యండి. "పోనీ గేదెకి పెడదాం" అని కూడా అనకండి. బూజు పట్టిన గుళ్ళు గానీ, వేరుశనగ చెక్క గానీ గేదె తింటే ఆ విషం ఇంకో రూపంలో పాలలోకి దిగుతుంది, ఆ పాలు తిరిగి మన పిల్లల గ్లాసులోకే వస్తాయి. పెంటకుప్పలోకి కూడా కాదు, కోళ్ళు గీరుకుంటాయి, గొయ్యి తీసి పూడ్చండి.

7. ఎవరు జాగ్రత్తగా ఉండాలి

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి వీటిల్లోని పొటాషియం, ఫాస్ఫరస్ ఇబ్బంది, డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకండి. కిడ్నీలో ఆక్సలేట్ రకం రాళ్ళు వచ్చిన చరిత్ర ఉంటే బాదం, జీడిపప్పు తగ్గించుకోవాలి. తిన్నాక పెదాలు వాచడం, దద్దుర్లు, ఊపిరి పట్టేసినట్టు ఉంటే అది పైత్యం కాదు, ఎలర్జీ, మజ్జిగ తాగించి చూద్దాం అని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఆ పప్పు మళ్ళీ ఇంట్లోకి రానివ్వకండి.

చిన్నపిల్లలకి, ఐదేళ్ళు నిండేదాకా, పలుకు పలుకుగా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడుతుంది, బద్ద ఇచ్చినా అంతే. మా తమ్ముడి కొడుక్కి రెండేళ్ళు, వాళ్ళ తాతయ్య డబ్బా తెరిచిన చప్పుడు వింటే చాలు ఒళ్ళో ఎక్కి నోరు తెరుస్తాడు. నాన్నగారు ముందు రోకలితో దంచి మెత్తగా చేసి, కాస్త అరటిపండు గుజ్జులో కలిపి వాడికి పెట్టాకే తన డబ్బాలో పలుకులు లెక్కపెట్టుకుంటున్నారు.